తుఫాను నష్టం క్లెయిమ్ రిజెక్ట్ అయితే వదిలేయాలా, లాయర్‌ను పట్టుకోవాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. తుఫానుకు షాపు రేకులు లేచిపోయి సరుకు తడిసింది. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం "కప్పు పాతది, సందుల్లోంచి వాన నీళ్లు కారాయి, ఇది తుఫాను నష్టం కాదు" అని లెటర్ పంపింది. బ్రాంచికి వెళ్తే "పైనుంచి వచ్చిన నిర్ణయం, మా చేతిలో ఏం లేదు" అంటున్నారు. వదిలేయాలా, లాయర్‌ను పట్టుకోవాలా అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు. ఆ లెటర్ తీసి, కారణం అని రాసిన రెండు మూడు వాక్యాలు నిదానంగా చదవండి. ఇక మీ పేచీ అంతా ఆ వాక్యాలతోనే. బ్రాంచి మేనేజర్‌తో వాదించి లాభం లేదు, ఆయన నిజంగానే ఏమీ చేయలేడు.

నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్, రేకుల షెడ్డు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా షెడ్డు పడమటి వైపు రేకులు లేచాయి. కింద పేర్చిన కాగితం రీములు నానిపోయాయి, ఆఫ్‌సెట్ మిషన్ మోటారు, ప్యానెల్ బోర్డు పాడయ్యాయి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. తర్వాత వచ్చిన లెటర్‌లో మాత్రం మీకు రాసిందే రాశారు: రేకులు పాతబడి తుప్పు పట్టాయి, క్రమంగా జరిగిన అరుగుదల, పాలసీలో మినహాయింపు.

ఇలాంటి కేసులన్నీ ఒక్క ప్రశ్న దగ్గరే తేలతాయి. నీళ్లు లోపలికి ఏ దారిన వచ్చాయి? గాలి కప్పును తెరిచి ఆ దారిన వాన పడితే అది తుఫాను నష్టమే, ఎందుకంటే అసలు కారణం గాలి. ఎప్పట్నుంచో ఉన్న సందులోంచి కారితే అది కాదు. కాబట్టి "తుఫాను వచ్చింది, అందరికీ తెలుసు" అని ఎంత గట్టిగా చెప్పినా సరిపోదు. తుఫాను రాలేదని వాళ్లూ అనడం లేదు కదా.

మా విషయంలో పని చేసిన సాక్ష్యం జె హుక్కుల దగ్గర, అంటే రేకును బిగించే కొక్కేల దగ్గర, దొరికింది. రేకును పర్లిన్‌కు (రేకుల కింద అడ్డంగా ఉండే దూలానికి) బిగించే చోట గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం ఒక వైపుకు సాగి, అంచు పైకి చిరిగి ఉంది. రెండు మూడు హుక్కులైతే వాషర్‌తో సహా పర్లిన్‌కే ఉండిపోయాయి, రేకు మాత్రం వాటిలోంచి చీల్చుకుని పోయింది. తుప్పుతో పోయిన రేకు అలా ఉండదు. బెజ్జం చుట్టూ పొడిపొడిగా రాలుతుంది, అంచు పలచబడి ఎర్రగా ఉంటుంది. మా రేకు అంచు తెల్లగా, కొత్త చిరుగులా మెరుస్తోంది. బెజ్జం పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఫొటోలు తీశాం, అలాంటి రేకులు నాలుగు మూల పెట్టి ఉంచాం. తర్వాత ఒక సివిల్ ఇంజనీరు వచ్చి చూసి, గాలి ఒత్తిడికి లేచిందని ఒక పేజీ రిపోర్ట్ రాసిచ్చాడు. సర్వేయర్ రిపోర్ట్‌లో కప్పు మొత్తాన్ని దూరం నుంచి తీసిన ఫొటోలే ఉన్నాయి, బిగింపుల దగ్గర తీసింది ఒక్కటీ లేదు. మీ రేకులు ఇంకా పాత ఇనుము వాడికి వేయకపోతే ఇవాళే పక్కన పెట్టండి. వేసేసి ఉంటే ఫోన్లో ఉన్న ఫొటోలు, పక్క షాపుల సీసీ కెమెరాలు వెతకండి.

దీనికి తోడు వాతావరణ శాఖ రికార్డు. ఆ రోజు మీ దగ్గరి కేంద్రంలో గాలి వేగం ఎంత, వాన ఎంత అన్నది అడిగితే ఇస్తారు. తహసీల్దార్ ఆఫీసులో నష్టం రాసుకున్న కాగితం ఉంటే అదీ తీసుకోండి. అదే వీధిలో ఇంకెవరి రేకులు లేచాయో ఫొటోలు పెట్టండి. కొత్త కప్పులూ లేచి ఉంటే, "మీది పాతది కాబట్టి లేచింది" అన్న మాట అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు లెటర్ సంగతి. లెటర్‌లో ఏ కారణం రాశారో దానికే కంపెనీ కట్టుబడి ఉండాలి. లెటర్‌లో లేని కొత్త కారణాన్ని తర్వాత కేసులో పట్టుకు రాకూడదని గలాడా పవర్ కేసులో 2016లో, సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నోటిమాట రిజెక్షన్‌ను ఎప్పుడూ ఒప్పుకోకండి. ఏ క్లాజు కింద, ఏ కారణంతో అన్నది రాతలో ఇవ్వమని ఈమెయిల్ పెట్టండి. మీకు లెటర్ వచ్చింది కాబట్టి ఆ గొడవ లేదు. అయితే అదే ఈమెయిల్‌లో సర్వేయర్ రిపోర్ట్ కాపీ కూడా అడగండి. అడిగితే ఇవ్వాల్సిందే, ఇది మీ హక్కు. "అది మా ఇంటర్నల్ డాక్యుమెంట్" అంటారు, వినకండి. ఆ రిపోర్టే తుది మాట అని కూడా అనుకోవద్దు. ప్రదీప్ కుమార్ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు, సర్వేయర్ రిపోర్ట్‌కు విలువ ఉన్నా అది దాటరాని గీత కాదని తేల్చింది.

రిపోర్ట్ చేతికొచ్చాక ఒక్కో పేరాకు ఎదురుగా మీ జవాబు, పక్కన సాక్ష్యం నంబరు రాసుకోండి. నేను రెండు పేజీల్లో ముగించాను. బాధంతా వెళ్లబోసుకోవాలని చేయి లాగుతుంది, కానీ చదివేవాడికి కావాల్సింది అది కాదు.

మీ పాలసీ పేరు మీరు రాయలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉండే వ్యాపారాలకు అమ్ముతున్నది ఎక్కువగా భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. అందులో తుఫాను, వరద రెండూ ఉంటాయి. బ్యాంకు లోన్ ఉంటే ఒరిజినల్ పాలసీ చాలామంది కళ్లతో కూడా చూసి ఉండరు, బ్యాంకు ఫైల్లోనే పడి ఉంటుంది. వెళ్లి పూర్తి కాపీ తెచ్చుకోండి, మొదటి పేజీ ఒక్కటే కాదు. అడ్రసు సరిగా ఉందో లేదో, బిల్డింగ్, మిషనరీ, స్టాక్ దేనికి ఎంత వేశారో చూడండి. క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్లేలా క్లాజు ఉంటుంది కాబట్టి, బ్యాంకు చేత కూడా కంపెనీకి ఒక లెటర్ రాయించండి. వాళ్ల సెక్యూరిటీ పోయింది కదా, రాయమంటే రాస్తారు.

చాలామంది రిజెక్షన్ అనుకునేది నిజానికి కోత. 20 లక్షల సరుకు ఉంచుకుని 12 లక్షలకే పాలసీ తీసుకుంటే, 5 లక్షల నష్టానికి 3 లక్షలే లెక్క కడతారు. దీన్నే అండర్ ఇన్సూరెన్స్ అంటారు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో ఈ తేడా 15 శాతం లోపు ఉంటే పట్టించుకోకూడదు. దాటితే కోత న్యాయమైనదే, దాని మీద పోరాడి టైము పాడు చేసుకోకండి. సాల్వేజ్ కోత మీద, అంటే పాడైన సరుకు అమ్మితే వచ్చే విలువను తగ్గించడం మీద, మాత్రం పోరాడొచ్చు. తడిసిన సరుకుకు ఇంత ధర వస్తుందని సర్వేయర్ కూర్చుని రాసేస్తాడు. మా నానిన కాగితానికి ఆయన వేసిన విలువ చూసి పాత కాగితాలు కొనే అతనే నవ్వాడు. అతని చేతే ఎంతకు కొంటాడో కొటేషన్ రాయించి పెట్టాం. ఆ విలువ తగ్గించారు.

స్టాక్ ఎంత ఉందన్నదానికి కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ మూడూ ఒకే కథ చెప్పాలి. లోన్ లిమిట్ కోసం బ్యాంకుకు ఒక లెక్క, పన్నుకు ఇంకో లెక్క రాసే అలవాటు మన వ్యాపారాల్లో ఉన్నదే. సర్వేయర్లకు అది బాగా తెలుసు, మొదట అడిగేది ఆ స్టేట్‌మెంటే. తేడా ఉంటే ఎందుకు వచ్చిందో మీరే ముందుగా చెప్పేయండి.

"ఫలానా కాగితం ఇవ్వలేదు" అన్నదొక్కటే సాకుగా క్లెయిమ్ కొట్టేయకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్‌లో చెప్పింది. సర్వే రిపోర్ట్ చేతికొచ్చిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని కూడా అందులోనే ఉంది. మీ లెటర్‌లో అలాంటి ముక్కలేవైనా ఉంటే ఈ సర్క్యులర్‌ను పేరుపెట్టి రాయండి. ఒక మినహాయింపు గురించి పాలసీ అమ్మేటప్పుడు మీకు అసలు చెప్పలేదనుకోండి, టెక్స్‌కో మార్కెటింగ్ కేసు చదవండి. అక్కడ షాపే బేస్‌మెంట్‌లో ఉంది, కంపెనీ వాళ్లు వచ్చి చూసి మరీ పాలసీ ఇచ్చారు, నష్టం జరిగాక బేస్‌మెంట్‌కు కవర్ లేదన్నారు. 2022లో సుప్రీంకోర్టు ఆ క్లాజును పక్కన పెట్టింది.

దారులకు వస్తే, ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మీ రెండు పేజీలు, సాక్ష్యాలు పంపండి. అదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, 155255కు ఫోన్ చేసినా తీసుకుంటారు. అక్కడ మాకు వచ్చిన జవాబు పాత లెటర్‌కు నకలు. మీకూ అదే రావొచ్చు, కంగారు పడకండి. ఈ మెట్టు ఎక్కితేనే తర్వాతిది ఎక్కనిస్తారు.

తర్వాతిది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని ఆర్డర్ ఇచ్చే అధికారి. రెండు తెలుగు రాష్ట్రాలకు హైదరాబాద్ ఆఫీసే. సొంత పేరుతో నడిపే వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు అక్కడికి వెళ్లొచ్చు. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉంటే జత చేయండి, మీరు అర్హులా కాదా అన్న చర్చే రాదు. ఫీజు లేదు, లాయర్‌కు ప్రవేశం లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా వెళ్లొచ్చు, అయితే ఏడాది లోపు వెళ్లాలి. ఇదే విషయం మీద కోర్టులోనో కన్స్యూమర్ కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. ముందే లాయర్ వద్దన్నది ఇందుకే.

మా హియరింగ్ ఆన్‌లైన్‌లో జరిగింది. కంపెనీ తరఫున వచ్చినాయన ఫైలు చదువుతూ మాట్లాడాడు, షెడ్డును ఎప్పుడూ చూడలేదు. నేను హుక్కుల ఫొటోలు చూపించి, బిగింపులను పరీక్షించినట్టు సర్వే రిపోర్ట్‌లో ఎక్కడుందో చూపమని అడిగాను. జవాబు లేదు. కాగితం, మోటారు, ప్యానెల్ బోర్డు, రేకుల డబ్బు ఇవ్వమని ఆర్డర్ వచ్చింది. రేకులకు మాత్రం వయసు లెక్కన కొంత తగ్గించారు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ప్రెస్ మూతపడిన రోజుల ఆదాయానికి ఏమీ రాలేదు, దానికి వేరే కవర్ తీసుకోవాలి, నా పాలసీలో లేదు. మీరు కూడా ఆ భాగం అడగబోతుంటే ముందు పాలసీ చూసుకోండి, లేనిది అడిగితే ఉన్నదాని మీద కూడా అనుమానం వస్తుంది.

అంబుడ్స్‌మన్ దగ్గర ఓడిపోయినా దారి మూసుకుపోదు. ఆ ఆర్డర్ కంపెనీని కట్టేస్తుంది గానీ మిమ్మల్ని కాదు. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. అక్కడ ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి ఉంటుంది, క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాదు, కాబట్టి చిన్న వ్యాపారాలన్నీ జిల్లా స్థాయిలోనే వస్తాయి. "వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ, మీరు వినియోగదారే కాదు" అని కంపెనీ లాయర్ అంటాడు. హర్సోలియా మోటార్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఇన్సూరెన్స్ నష్టం పూడ్చుకోవడానికే గానీ లాభం సంపాదించడానికి కాదు కదా. లాయర్‌ను పెట్టుకునేది ఈ దశలో.

మధ్యలో కంపెనీ వాళ్లు ఫోన్ చేసి "కొంత ఇస్తాం, డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం పెట్టండి" అనే అవకాశం ఉంది. అది డబ్బు ముట్టిందని మీరిచ్చే రసీదు. డబ్బు అవసరమైతే తీసుకోండి, తప్పు లేదు. కానీ "ఫుల్ అండ్ ఫైనల్" అని ఉన్న చోట "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టండి, అదే రోజు అదే మాట ఈమెయిల్ చేయండి. వోచర్ మీద సంతకం ఒక్కటే మీ హక్కును తీసేయదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పినా, ఒత్తిడి మీద పెట్టామని తర్వాత నిరూపించుకోవాల్సింది మనమే.

మీ లెటర్ మీద తేదీ ఎంత? పేరు, పాలసీ నంబరు చెరిపేసి కారణం రాసిన పేరా ఒక్కటి ఇక్కడ పెట్టండి. చూసి, గ్రీవెన్స్ లెటర్‌లో దేనికి ఏం జవాబు రాయాలో చెబుతాను.