ఐదు కిలోమీటర్లు పరుగెత్తినా కదలని ముల్లు

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు, బరువు 82 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలలుగా రోజూ ఐదింటికే లేచి ప్రకాశం బ్యారేజీ మీద ఆ కొసకూ ఈ కొసకూ రెండుసార్లు, అంటే దాదాపు ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. తర్వాత మిత్రులతో కలిసి పెసరట్టు ఉప్మా తిని, టీ తాగి ఇంటికి వస్తాను. మొదటి నెలలో రెండు కిలోలు తగ్గాక ముల్లు కదలడం లేదు. ఇప్పుడు మోకాలి కింద ఎముక వెంట నొప్పి కూడా మొదలైంది. రాత్రి పడుకునేసరికి పన్నెండవుతుంది. ఇదంతా వయసు వల్లేనా? దూరం పెంచమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దూరం పెంచకండి. ముందు కాలి సంగతి చూద్దాం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి గానీ, ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుంది. అందుకే ఆయాసం తగ్గిందన్న ధైర్యంతో రోజూ పరుగెత్తేవారికి తరచుగా కాలి ఎముక దగ్గరే తేడా వస్తుంది. మంచం మీద కూర్చుని ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ రండి. జానెడు పొడవునా నొప్పిగా ఉంటే అది సాధారణంగా అతిశ్రమ వల్ల వచ్చినదే. రూపాయి బిళ్లంత చోటే భరించలేనంత నొప్పి ఉన్నా, పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఎముకలో సన్నని చీలిక వచ్చి ఉండవచ్చు కాబట్టి, పరుగు ఆపి వెంటనే ఎముకల వైద్యుణ్ణి కలవండి. ఈ చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగందుకోకండి.

మొదటి రకమే అయితే నొప్పి తగ్గేవరకు నడక, సైకిలు చాలు. తర్వాత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక చొప్పున, పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంతో మొదలుపెట్టండి. మధ్య రోజుల్లో మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, చిన్నప్పుడు బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ పనికొస్తాయి.

ఇక బరువు. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. మీ లెక్కన 410. నూనె ఓడే అట్టు, దాని కడుపులో ఉప్మా, పైన పంచదార టీ కలిస్తే ఆ ఖర్చు అక్కడే చెల్లిపోతుంది. పెసరట్టు మీద నాకు కోపం లేదు, పెసలలో మాంసకృత్తులున్నాయి. ఉప్మా మానేసి, అట్టును ఇంట్లో తక్కువ నూనెతో వేయించుకోండి. మధ్యాహ్నం అన్నం కొంత తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు పెంచండి.

వయసు కన్నా మీ ఐదు గంటల నిద్రనే నేను అనుమానిస్తాను. నిద్ర చాలకపోతే కండ సరిగా కోలుకోదు, ఆకలీ పెరుగుతుంది. పన్నెండింటికి పడుకున్న మర్నాడు ఐదింటికి లేవకండి, పరుగు సాయంత్రానికి మార్చుకోండి. వేసవిలో పరుగు తర్వాత తగ్గినట్టు కనిపించే బరువు చెమటగా పోయిన నీరే. ఉప్పు వేసిన మజ్జిగ తాగితే తిరిగి వచ్చేస్తుంది. అందుకని వారానికొకసారి, పరగడుపున మాత్రమే తూకం చూసుకుని, నడుము కొలత కూడా పక్కనే రాసుకోండి.