పది పాయింట్లే చూసి బిల్లు ఆపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. సొంతానికి కట్టుకున్న ఇంటి వైరింగ్ మెటీరియల్‌తో కలిపి రూ.2,10,000కి మాట్లాడుకున్నాం. రూ.1,70,000 ఫోన్‌పేలో ఇచ్చాం. పని అయిందని సంతకమూ పెట్టాను. తర్వాత తెలిసిన ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌తో 62 పాయింట్లలో ఏవో 10 విప్పి చూపిస్తే మూడు ప్లగ్గులకు ఎర్త్ లేదు. ఏసీకి కొటేషన్‌లో 4 ఎంఎం అని రాసి 2.5 వైరు లాగారు. ‘‘పది చూసి మొత్తం తప్పంటారా’’ అంటూ మేస్త్రి మిగతా రూ.40,000 అడుగుతున్నాడు. ఇవ్వాలా? కేసు వేయొచ్చా?

జవాబు: సంతకం గురించి బెంగ వద్దు. ప్లేటు వెనక ఏముందో చూసి పెట్టింది కాదు కదా. పైకి కనపడని లోపానికి అది అడ్డం రాదు.

అయితే మేస్త్రి మాటలోనూ సగం న్యాయం ఉంది. పదిలో మూడు తప్పు కాబట్టి 62లో దాదాపు 19 తప్పే అని లెక్కగట్టి పరిహారం అడిగితే నిలవదు. ఏవో కొన్ని విప్పి చూడటం అనుమానానికి ఆధారమే తప్ప మొత్తానికి రుజువు కాదు. పైగా ఆ పది ఎవరు ఎంచారన్నది అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న.

కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గులన్నీ చూపించండి, పూట పని. ప్లగ్గులో గుచ్చే టెస్టర్‌ను మాత్రం నమ్మొద్దు. ఎర్త్ వైరు లాగకుండా, సాకెట్ వెనకే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు జానెడు ముక్క వైరు కలిపేవాళ్లున్నారు. టెస్టర్ అంతా బాగుందనే చూపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు ఫ్రిజ్ బాడీకే కరెంటు వస్తుంది. ప్లేటు విప్పి ఆకుపచ్చ వైరు కళ్లతో చూడాల్సిందే. ప్రతి సర్క్యూట్‌కూ 500 వోల్టుల మెగ్గర్ టెస్టు (వైరు పైతొడుగు కరెంటు లీకవకుండా ఆపుతోందా అని కొలిచే పరీక్ష) చేయించండి. కనీసం 1 మెగోమ్ రావాలి. ముందు బల్బులు, సామాన్లు తీసేయాలి, లేకపోతే ఎల్‌ఈడీలు పోతాయి.

ఇది మేస్త్రికి తెలియకుండా చేస్తే సగం విలువ పోతుంది. తేదీ, సమయం చెప్పి స్పీడ్ పోస్టులో నోటీసివ్వండి. రాకపోయినా తనిఖీ జరుగుతుందని, లోపాలు 15 రోజుల్లో సరిచేయాలని రాయండి. పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్ పాయింటు నంబరు వారీగా రిపోర్టు రాసి సంతకం చేయాలి. అప్పటిదాకా వైర్లు మార్చొద్దు. ప్రమాదమనిపిస్తే ఆ ఎంసీబీ దించేయండి. నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉండీ వాడుకున్నారా లేదా అన్నది కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద లెక్కలోకి వస్తుంది. అందుకే సరిచేసే అవకాశం ముందు అతనికే ఇవ్వాలి.

రూ.40,000 మొత్తం బిగబట్టడం నాకు నచ్చదు. మరమ్మతుకు రూ.22,000 అవుతుందని వేరే కాంట్రాక్టర్ ఎస్టిమేట్ ఇస్తే అంతవరకే ఆపి, రూ.18,000 కట్టేయండి. రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సొస్తే మీ మాటకు బరువొస్తుంది.

అప్పటికీ కదలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమని గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. గడువు 2 ఏళ్లు. మీరిచ్చిన సొమ్ము రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు; వకీలు తప్పనిసరి కాదు. ఫోన్‌పే వివరాలు, కొటేషన్, నోటీసు, రిపోర్టు జత చేయండి. మేస్త్రి రిపోర్టును కాదంటే నిపుణుడితో తనిఖీ చేయించమని పిటిషన్ వేయండి.

కనెక్షన్ కోసం మీ విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌లో ఇచ్చిన వైరింగ్ రిపోర్టు మీద ఎవరి లైసెన్స్ ఉందో కూడా చూడండి. మేస్త్రికి లైసెన్స్ లేక, ఇంటి మొహం చూడని కాంట్రాక్టర్ సంతకం ఉంటే అతన్నీ ప్రతివాదిగా చేర్చండి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు విడిగా ఫిర్యాదివ్వండి.

మీరు మెటీరియల్‌తో సహా మాట్లాడుకున్నారు కాబట్టి సరిపోయింది. వైరు మీరే కొనిచ్చి కూలికి చేయించి ఉంటే, 2.5 వైరు తప్పు అతని మీద మోపడం కష్టమయ్యేది; ఎర్త్ లేని మూడు ప్లగ్గులకు మాత్రం అప్పుడూ అతనే జవాబుదారీ.