డ్రాయర్‌లో కోల్ట్ రివాల్వర్, బ్యాంకులో నెల ఖర్చు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒహాయోలో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం. భార్య హెచ్-4 మీద ఉంది, నాలుగేళ్ల పాప. అద్దెతో కలిపి నెల ఖర్చు 5,400 డాలర్లు. సేవింగ్స్‌లో 6,200, 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 78,000 ఉన్నాయి. నెలకు 600 డాలర్లు షేర్లలో పెడుతున్నాను. మా వీధిలో ఒక ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) 350 డాలర్లకు చిన్న పాత రివాల్వర్ కొన్నాను. కోల్ట్ కంపెనీ 1849 పాకెట్ మోడల్ అని తేలింది. నెట్‌లో 2,400 నుంచి 3,500 దాకా చెబుతున్నారు. మురికిగా ఉంటే తోమి శుభ్రం చేశాను. ఇప్పుడు ఒక డీలర్ దగ్గర అదే మోడల్ చెక్కపెట్టె, తుపాకీ మందు పోసే బుడ్డి, గుండ్లు పోసే అచ్చుతో సహా 9,500కి ఉంది. 401(కె) నుంచి అయిదేళ్లకు 10,000 లోన్ తీసుకుని కొందామనుకుంటున్నాను. డీలర్ శనివారం దాకా ఆగుతానన్నాడు. ఏదైనా అవసరం వస్తే మొదటిది అమ్ముకోవచ్చు కదా? ఒకటి ఇండియాకు తెచ్చి మా మామయ్యగారికి ఇవ్వాలని కూడా ఉంది. ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: కొనకండి. లోన్ అసలే తీసుకోకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరిది పాత నాణేలు, ఇంకొకరిది తాతగారి రోలెక్స్ వాచీ. వస్తువు మారుతుంది కానీ తప్పు ఒకటే. నెట్‌లో ఎవరో అడుగుతున్న ధరను తమ ఆస్తిగా రాసుకుని, దాని ధైర్యంతో అప్పుకు వెళతారు. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు డబ్బు కంటే అర్జెంటు సంగతి ఒకటి. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఈ కాలపు రివాల్వర్లలో ఎప్పుడో కూరిన తుపాకీ మందు, గుండు అలాగే ఉండిపోయి దొరకడం కొత్తేమీ కాదు. మీరు దాన్ని తోమారని రాశారే గానీ, ఖాళీగా ఉందో లేదో ఎవరికైనా చూపించానని రాయలేదు. తాళం వేసి పెట్టండి, తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్‌కు చూపించండి. ట్రిగ్గర్ నొక్కి చూడటం లాంటివి వద్దు.

ఇక అది ఏమిటన్నది. నేను తుపాకుల నిపుణుణ్ణి కాను. పాత తుపాకులు సేకరించే, నాకు తెలిసిన ఒక కలెక్టర్‌కు మీ ఫొటోలు చూపించాను. అసలుదే అన్నారు. ఎడమవైపు ఫ్రేమ్ మీద ‘కోల్ట్స్ పేటెంట్’, బ్యారెల్ మీద న్యూయార్క్ చిరునామా, 31 కాలిబర్, అయిదు గుళ్ల సిలిండర్. ఇటలీలో చేసిన నకళ్లయితే వాటి మీద అక్కడ తుపాకీని పరీక్షించి వేసే ప్రూఫ్ ముద్రలు, తయారైన ఏడాదికి గుర్తుగా చిన్న కోడ్ ఉంటాయట. మీదాని మీద అవి లేవు. ఇంతవరకు సంతోషమే. కానీ ఈ మోడల్ అరుదైనది కాదు. 1850 నుంచి 1873 దాకా హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో 3 లక్షలకు పైగా తయారయ్యాయి. తుపాకీ మందు కూరి, దాన్ని అంటించే చిన్న లోహపు టోపీలు పెట్టి పేల్చే కోల్ట్‌లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఇదే. ‘అమెరికాలో 170 ఏళ్ల నాటి వస్తువు’ అనగానే మనకు నిధి దొరికినట్టు అనిపిస్తుంది గానీ, అక్కడి కలెక్టర్లకు ఇది వీధికొకటి దొరికే సరుకు.

ధర తేల్చేది వయసు కాదు, వస్తువు ఏ స్థితిలో ఉందన్నది. ఫ్రేమ్, బ్యారెల్, ట్రిగ్గర్ గార్డ్, సిలిండర్, చివరికి బ్యారెల్‌ను పట్టి ఉంచే చిన్న చీల మీద కూడా ఒకే సీరియల్ నంబర్ ఉండాలి. మీదాంట్లో చీల వేరేది. అదంత పెద్ద నష్టం కాదు. పెద్ద నష్టం సిలిండర్ మీద జరిగింది. ఈ మోడల్ సిలిండర్ చుట్టూ గుర్రపు బండిని దొంగలు అటకాయించే దృశ్యం సన్నగా చెక్కి ఉంటుంది. అది ఎంత స్పష్టంగా మిగిలితే అంత ధర. మీ మూడో ఫొటోలో గుర్రాల కాళ్లు కనిపిస్తున్నాయి, పైన గుర్రాలు లేవు. పక్కనే సింక్ దగ్గర స్టీల్ పీచు కూడా ఫొటోలో పడింది. పిడి చుట్టూ ఉన్న ఇత్తడికి మొదట వెండి పూత ఉండేది, అక్కడక్కడ కాస్త మిగిలి ఉన్నా కొనేవాళ్లు దానికి విలువ కడతారు. మీరేమో పూజ సామాను తోమినట్టు తళతళలాడించారు. కొనే ముందు తీసిన ఫొటోలో ముదురు గోధుమ రంగులో ఉన్న లోహం ఇప్పుడు కొత్త స్టీలు గ్లాసులా ఉంది. కలెక్టర్ గారు ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏడెనిమిది వందలు అన్నారు. అదీ ఓపిగ్గా కొనేవాడు దొరికితే.

మీరు చూసిన 2,400, 3,500 అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. చూడాల్సింది వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు. వాటిలోనూ కొన్నవాడు వేలం సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది, మీ వాటా నుంచి కమిషన్ పోతుంది. ఇన్సూరెన్స్ కోసం విలువ కట్టి రాసిచ్చే అప్రైజల్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అది మళ్లీ కొనాలంటే ఎంతవుతుందన్న లెక్క, అమ్మితే ఎంత వస్తుందన్నది కాదు. విలువ కట్టినవాడే ‘నేనే కొంటాను’ అంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి. ఇక డీలర్ దగ్గరున్న పెట్టె సెట్ సంగతి. రివాల్వర్ ఒకచోట, బుడ్డి ఒకచోట, పెట్టె ఇంకోచోట కొని జత చేసినవి మార్కెట్లో బోలెడు. అసలు సెట్‌కూ అతుకుల సెట్‌కూ తేడా పట్టుకునే కన్ను నాకు లేదు. స్టీల్ పీచు పట్టుకున్న మీకూ లేదు, ఏమనుకోకండి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని అంకె: 6,200. మీ నెల ఖర్చు 5,400. అంటే మీకున్న ఎమర్జెన్సీ ఫండ్ ముప్పై అయిదు రోజులది. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికో స్టేటస్ మార్చుకోవడానికో మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో అద్దె ఆగదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన మరో 2 శాతం. తిరిగి రావాల్సి వస్తే లీజు రద్దు, ముగ్గురికి టికెట్లు. ‘అవసరమైతే రివాల్వర్ అమ్ముతా’ అన్నారు. వేలం సంస్థకు ఇచ్చిన వస్తువు క్యాటలాగ్‌లోకి ఎక్కి, అమ్ముడై, చెక్కు చేతికి రావడానికి నెలలు పడుతుంది. మీ 60 రోజులు దాటిపోతాయి. నా క్లయింట్ ఒకాయన ఉద్యోగం పోయిన రోజు తన నాణేల విలువ 11,000 అని చెప్పారు. రెండో వారం చివర కొట్టువాడు ఇచ్చింది 3,900. టెన్షన్‌లో ఉన్నవాడితో ఎవరైనా బేరమే ఆడతారు.

ఈ పరిస్థితిలో 401(కె) లోనా? మీ బ్యాలెన్స్‌లో సగం దాకా ఇస్తారు కాబట్టి 10,000 రావడం తేలికే, ఆ తేలికే ప్రమాదం. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లు మిగిలిన బాకీని మీరు విత్‌డ్రా చేసినట్టు లెక్క కడతాయి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా ఆ మొత్తాన్ని ఐఆర్‌ఏలో (మీరే సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలో) వేయలేకపోతే దాని మీద ఆదాయపు పన్ను, మీ వయసుకు ఇంకో 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిన నెలల్లోనే ఇదంతా మీద పడుతుంది. అప్పు చేసి పప్పుకూడు అంటారు. మీరు అప్పు చేసి పప్పు కూడా కాదు, పేల్చకూడని తుపాకీ కొంటున్నారు.

వీసాకు సంబంధించి ఇంకోటి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. 1898లోగా తయారైనవి యాంటిక్ కింద ఆ నిబంధనలోకి రావు. మీది బయటపడింది అందుకే. అదే ఎస్టేట్ సేల్ బల్ల మీద 1900 తర్వాతి పాకెట్ రివాల్వర్ ఉండి, అది కొని ఉంటే? రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. మామయ్యగారి బహుమతి సంగతి మాత్రం మర్చిపోండి. ఇండియాలోకి తుపాకీ తేవాలంటే ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగి ‘ఇది యాంటిక్ సార్’ అంటే కుదరదు.

మిగతావి క్లుప్తంగా. ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఇలాంటి సేకరణ వస్తువుల (కలెక్టిబుల్స్) మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్లకు ఉండే రేటు దీనికి వర్తించదు. అద్దె ఇంట్లో సామానుకు తీసుకునే రెంటర్స్ పాలసీలో తుపాకుల దొంగతనానికి విడిగా పరిమితి ఉంటుంది, చూసుకోండి.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, 32,400 డాలర్లు. ఇంకా 26,200 తక్కువ. అయిదేళ్ల లోన్‌కు నెలకు 200 దాకా కిస్తీ కట్టడానికి సిద్ధపడ్డారు కదా, ఆ 200, షేర్ల యాప్‌లో వేస్తున్న 600 కలిపి వడ్డీ బాగా ఇచ్చే సేవింగ్స్‌లోకి మళ్లించండి. మీరు వేసినదానికి కంపెనీ తన వంతు (మ్యాచ్) కలిపేంతవరకు 401(కె)లో వేయడం ఆపకండి. ఇలా అయితే దాదాపు మూడేళ్లు, బోనస్ వస్తే ఇంకా ముందే. రివాల్వర్ మీద ఇష్టం ఉంటే ఉంచుకోండి, 350 పెద్ద మొత్తమేమీ కాదు. తోలు సంచిలో మాత్రం పెట్టకండి, చెమ్మ పట్టి తుప్పు తింటుంది. పలచగా నూనె రాసి గుడ్డలో చుట్టండి. డీలర్ శనివారం దాకా ఆగుతానన్నాడని రాశారు. ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.