ఇంటి బొమ్మకు కిటికీ లేకపోతే మనసులో ఏదో ఉన్నట్టేనా?

మీ ఏడేళ్ల పాప ఎప్పుడు ఇల్లు గీసినా కిటికీలు పెట్టదనీ, "ఫ్రాయిడ్ లెక్కన లోపల ఏదో భయం ఉన్నట్టే" అని బంధువొకాయన అన్నప్పటి నుంచి మీకు టెన్షన్‌గా ఉందనీ రాశారు. ఫ్రాయిడ్ అంటే మనసు లోపల దాగిన కోరికలు, భయాల గురించి రాసిన వియన్నా డాక్టరు. నేను సైకాలజిస్టుని కాను, బొమ్మలు వేస్తాను. నా బొమ్మలకీ ఒకసారి ఇలాగే జాతకం చెప్పారు కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట భోగికి ముందురోజు హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షో ఓపెనింగ్. గ్యాలరీ వాకిట్లో పెద్ద చుక్కల ముగ్గు, గొబ్బెమ్మలు. లోపల బల్ల మీద స్టీలు పళ్లేల్లో సకినాలు, పేపర్ కప్పుల్లో చాయ్. జనం బొమ్మల కంటే సకినాల దగ్గరే ఎక్కువున్నారు, అది వేరే విషయం. నావి మూడు కాన్వాసులు. మూడింట్లోనూ కరీంనగర్ వైపు మా అమ్మమ్మ ఇల్లే: ఎర్రటి అరుగు, గడప, మూసిన తలుపు.

చేతిలో సకినం పట్టుకుని ఒకాయన వచ్చి, చాలాసేపు చూసి, "ఈ ఎరుపు తల్లి గర్భం అండీ. మీకు మీ అమ్మగారితో తేలని లెక్క ఏదో ఉంది" అన్నారు. పక్కనున్న నలుగురూ తలలూపారు. ఆ ఎరుపు జాజు. మా వైపు అరుగులకీ గడపలకీ జాజు పూస్తారు. అమ్మ అక్కడే ఉంది, పాపం. "ఏం లెక్కనే అది?" అని ఇంటికెళ్లేదాకా అడుగుతూనే ఉంది.

ఆయన్ని మాత్రం ఏమంటాం? ఫ్రాయిడే ఈ గోతిలో పడ్డాడు. 1910లో లియొనార్డో డావిన్చి మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఒక పక్షి వచ్చి తోకతో తన నోరు తెరిచిందని లియొనార్డో నోట్సులో రాసుకున్నాడు. ఫ్రాయిడ్ చదివిన జర్మన్ అనువాదంలో అది రాబందు. ఈజిప్టులో రాబందు తల్లిదేవతకి గుర్తు కదా అని అక్కణ్ణుంచి మొదలుపెట్టి, తండ్రి దగ్గర లేని బాల్యం దాకా కథ అల్లుకుపోయాడు. తీరా చూస్తే లియొనార్డో రాసిన ఇటాలియన్ మాటకి అర్థం గద్ద! 1956లో మేయర్ షపీరో అనే కళాచరిత్రకారుడు ఈ ముడిని వివరంగా విప్పి చూపించాడు. ఇంకా తమాషా ఏంటంటే, 1913లో ఫ్రాయిడ్ అనుచరుడు, స్విస్ పాస్టర్ ఆస్కర్ ఫిస్టర్, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న లియొనార్డో బొమ్మలో మేరీ బట్టల మడతల మధ్య రాబందు ఆకారం కనిపిస్తోందన్నాడు. లేని రాబందు కూడా కనిపించేసింది.

మా చిన్నమ్మ చీకటి పడ్డాక వచ్చింది. ఆర్టు గొడవ ఆమెకి పట్టదు. మూడు బొమ్మలూ చూసి, "అన్నింట్ల బయటి నుంచే గొళ్లెం పెట్టినవేందే?" అంది.

నిజమే. మూడు తలుపులకీ బయట గొళ్లెం పడి ఉంది. వేసింది నేనే, ఒక్కసారీ గమనించలేదు. "నాట్లప్పుడు మీ అమ్మమ్మ నిన్ను పండవెట్టి, గొళ్లెమేసి పొలం పోతుండె. లేచి దర్వాజ కొట్టుకుంట ఏడుస్తుంటివి" అంది. నాకది గుర్తులేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ మాట విన్నాక చేతిలో చాయ్ తాగబుద్ధి కాలేదు.

నన్నడిగితే ఫ్రాయిడ్‌లో పనికొచ్చేది చిన్నమ్మ చేసిన ఈ పనే. మైకెలాంజెలో చెక్కిన మోషే (బైబిల్లో దేవుడి ఆజ్ఞల పలకలు తెచ్చిన ప్రవక్త) విగ్రహం మీద 1914లో ఫ్రాయిడ్ తన పేరు పెట్టుకోకుండా ఒక వ్యాసం వేశాడు. అందులో మోరెల్లి అనే ఇటలీ ఆయన్ని మెచ్చుకుంటాడు. బొమ్మ ఎవరు వేసిందో తేల్చడానికి మోరెల్లి చెవి తమ్మెలు, గోళ్లు చూసేవాడు. అలాంటిచోట చిత్రకారుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని గీయడు, చెయ్యి అలవాటుగా పోతుంది. ఫ్రాయిడ్ కూడా మోషే గడ్డంలో చిక్కుకున్న వేలినీ, చంక కింద జారుతున్న పలకల్నీ పట్టుకునే వ్యాసమంతా నడిపాడు. ఎరుపంటే తల్లి, కిటికీ లేకపోతే భయం అని నిఘంటువు చూసినట్టు చెప్పడం ఎవరైనా చేస్తారు. నా గొళ్లెం సంగతి ఆ ఇంట్లో ఉన్న మనిషికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి కిటికీల విషయం మీ పాపకే తెలియాలి. ఏడేళ్ల పిల్లకి కిటికీ గీయడం బోరు కొట్టి ఉండొచ్చు, బడిలో నేర్పిన ఇల్లే అలా ఉండొచ్చు. నిద్ర, తిండి, బడి మామూలుగా ఉంటే బొమ్మ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. వాటిల్లో తేడా కనిపిస్తే మాత్రం బొమ్మల సంగతి పక్కనపెట్టి తీసుకెళ్లండి.

ఇంగ్లండులో విన్నికాట్ అని పిల్లల డాక్టరు ఉండేవాడు, సైకోఅనలిస్టు కూడా. పిల్లలతో ఒక ఆట ఆడేవాడు. ఆయన ఒక పిచ్చిగీత గీసిస్తే, పిల్ల దాన్ని పిల్లినో పామునో చేస్తుంది. తర్వాత పిల్ల గీస్తుంది, ఆయన పూర్తి చేస్తాడు. మా మేనకోడలితో నేను ఇదే ఆట ముగ్గు చుక్కలతో ఆడతాను. చేతులు పనిలో ఉంటే పిల్లలు అడక్కుండానే మాట్లాడతారు. ఈ ఆదివారం పాప పక్కన కూర్చోండి. ఇల్లు గీస్తే "ఇందులో ఎవరుంటారు?" అని అడగండి, కిటికీ మాట మాత్రం మీరెత్తకండి. ఆ బంధువుగారు మళ్లీ వస్తే ఆయనకీ ఒక కాయితం, పెన్సిలు ఇవ్వండి.