ఎండాకాలంలో స్టార్టర్ నీరసిస్తే

కర్నూలు

చిరంజీవి నాయనకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫ్రిజ్‌లో మరిచిపోయిన సోర్‌డో స్టార్టర్ (రొట్టెను పొంగించే పులిసిన పిండి) మీద నల్లటి నీరు తేలిందని, అది చచ్చిపోయినట్టేనా అని అడిగావు. చావలేదు నాయనా, ఆకలితో ఉంది. తిండి అయిపోయాక అందులోని ఈస్టు, అంటే పిండిని పొంగించే సూక్ష్మజీవి, వదిలిన ఆల్కహాలు కలిసిన నీరు అది. ఒంపేసి కింది పిండిని చూడు. గులాబీ, నారింజ రంగు చారలు గానీ, నూగులాంటి బూజు గానీ ఉంటే మొత్తం పారబొయ్యి. ఆశపడి పైపైన గీకి వాడకు. అవేమీ లేకపోతే బతికించవచ్చు.

మీ అనంతపురం ఎండలో అసలు చిక్కు వేరు. ఈస్టుకు 25 నుంచి 28 డిగ్రీలు హాయి. 35 దాటితే అది డీలా పడుతుంది, పులుపు పుట్టించే బ్యాక్టీరియా మాత్రం జోరు తగ్గదు. పిండి సరిగ్గా పొంగకముందే పుల్లబడి జారిపోతుంది. అందుకే పాతది తగ్గించి కొత్తది పెంచాలి. అడుగు నుంచి 10 గ్రాములు తీసుకుని, 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల చల్లటి నీళ్లు కలుపు. మైదా ఇప్పుడు వద్దు. మరలో పట్టించిన, పొట్టు తీయని పిండిలోనే ఈస్టు, దానికి కావలసిన తిండి ఎక్కువ. కుళాయి నీళ్లయితే రాత్రంతా మూత లేకుండా ఉంచు, క్లోరిన్ చాలావరకు పోతుంది.

సీసాకు తడిగుడ్డ చుట్టి, కుండనీళ్లు పోసిన పళ్లెంలో గాలి ఆడే నీడలో పెట్టు. మన సీమ గాలి పొడిది కాబట్టి గుడ్డ తడి త్వరగా ఆరుతూ సీసాను చల్లబరుస్తుంది. ఉక్కపోసే కోస్తాలో ఇది ఇంతగా పనిచేయదు. గుడ్డ ఆరనివ్వకు.

పొద్దున, సాయంత్రం ఇలాగే చెయ్యి. మొదటి రెండు మూడు పూటలు కదలిక లేకపోయినా కంగారుపడకు. ప్రతిసారీ 10 గ్రాములు తీసుకోగా మిగిలే పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి దోసెలు పోసుకో, భలే ఉంటాయి. వరుసగా రెండు మూడు సార్లు రెట్టింపు పొంగితే రొట్టెకు సిద్ధమైనట్టే. ఆ తర్వాత కాస్త గట్టిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, వారానికోసారి తిండి పెట్టు.

బాగా పొంగిన రోజు కొంచెం పళ్లెంలో పలచగా పూసి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, పెళుసుగా విరిగాక డబ్బాలో దాచుకో, స్టార్టర్ మళ్లీ పాడైతే పనికొస్తుంది. మేడ మీద వడియాల పక్కన మాత్రం పెట్టకు, ఆ వేడికి ఈస్టు చస్తుంది.

నీ పెద్దమ్మ