మ్యూజియం డైరెక్టరు నగర కమిషనరైతే

ప్రశ్న: మా అమ్మాయి మ్యూజియాలజీ చదివి, నగరంలోని ఒక మ్యూజియంలో ఒప్పంద పద్ధతిపై పనిచేస్తోంది. న్యూయార్క్‌లో ఒక మ్యూజియం డైరెక్టరును ఏకంగా నగర సాంస్కృతిక కమిషనరును చేశారని, ఆ వృత్తికి అక్కడ అంత ఎదుగుదల ఉందని చెబుతుంటుంది. అది నిజంగా పదోన్నతేనా? హైదరాబాదులో అటువంటి దారి ఉందా?
— ఒక పాఠకురాలు, హిమాయత్‌నగర్

సమాధానం: మీ అమ్మాయి చెబుతున్నది టామ్ ఫింకెల్‌పెర్ల్ గురించి అయి ఉండాలి. 2002 నుంచి క్వీన్స్ మ్యూజియం డైరెక్టరుగా ఉన్న ఆయనను 2014లో మేయర్ బిల్ డి బ్లాసియో సాంస్కృతిక వ్యవహారాల కమిషనరుగా నియమించారు. 2019 చివర ఆయన ఆ పదవి వదిలారు. అయితే ఆయన సర్కారు వ్యవహారం తెలియని కొత్త మనిషేమీ కాదు. 1990 నుంచి 1996 వరకు అదే శాఖలో, ప్రభుత్వ నిర్మాణాల వ్యయంలో ఒక శాతాన్ని కళాకృతులకు కేటాయించే పథకాన్ని నడిపారు. ఫైలు ఎక్కడ కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో మ్యూజియంలోకి రాకముందే ఆయనకు తెలుసు.

క్వీన్స్ మ్యూజియంలో న్యూయార్క్ నగరమంతటి నమూనా ఒకటి ఉంది. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన ఆ నమూనాలో వంద అడుగులు ఒక అంగుళానికి కుదించుకుపోయి, ఎంపైర్ స్టేట్ భవనం మన మోకాటి ఎత్తుకు కూడా రాదు. దానిని చూడటానికి దూరం నుంచి వచ్చేవారున్నారు. మ్యూజియం పక్కనే ఉన్న కరోనా పేటలోని వలస కుటుంబాలను లోపలికి రప్పించడమే కష్టం. (ఆ పేట పేరు వ్యాధికంటే ఎంతో పాతది.) అందుకే ఫింకెల్‌పెర్ల్ హయాంలో మ్యూజియం, సేకరణలూ ప్రదర్శనలూ చూసుకునే క్యూరేటర్లతో పాటు పేటలో తిరిగి జనంతో మాట్లాడే కార్యకర్తలను కూడా జీతమిచ్చి పెట్టుకుంది. ఆయన తన వెంట నగర కార్యాలయానికి తీసుకువెళ్లిన అసలు అనుభవం ఇదేనని నా అభిప్రాయం. 2015లో న్యూయార్క్ నగరం పత్రాలు లేని వలసదారులకు సైతం గుర్తింపు కార్డులు ఇచ్చినప్పుడు, ఆ కార్డుతో 33 సాంస్కృతిక సంస్థలలో ఏడాదిపాటు ఉచిత సభ్యత్వం లభించింది. 2017లో ఆ నగరపు మొదటి సాంస్కృతిక ప్రణాళిక వెలువడింది.

పదోన్నతా అన్నారు కదా. నా లెక్కలో అది వేరే ఉద్యోగం. డైరెక్టరు ఒక ప్రదర్శన బాగా వస్తే సంతోషిస్తాడు. కమిషనరు ప్రదర్శనలు పెట్టడు, ఇతరులు పెట్టడానికి డబ్బు పంచుతాడు, తిట్లు మాత్రం తానే పడతాడు. బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా శస్త్రచికిత్సలు చేసిన మారియన్ సిమ్స్ అనే వైద్యుని విగ్రహాన్ని 2018లో సెంట్రల్ పార్కు అంచు నుంచి తొలగించారు. ఆ స్థానంలో ఏమి పెట్టాలన్న విషయంలో ఎంపిక సంఘం ఒక కళాకారిణి వైపు, స్థానికులు మరొకరి వైపు నిలబడి పెద్ద రగడే జరిగింది. ఫింకెల్‌పెర్ల్ పదవి వదులుతున్న వార్త ఆ వేడిలోనే వచ్చింది.

ఇక హైదరాబాదు సంగతి. న్యూయార్క్‌లో చాలా పెద్ద మ్యూజియాల స్థలమూ భవనమూ నగరానివి, సేకరణలు ట్రస్టులవి. కరెంటు ఖర్చు సైతం నగర ఖజానా భరిస్తుంది గనుక కమిషనరు మాటకు బలం ఉంటుంది. మన దగ్గర సాలార్‌జంగ్ మ్యూజియం 1961 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ, కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం రాష్ట్ర వారసత్వ శాఖది, ఉత్సవాలూ కళాకారుల వ్యవహారాలూ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖవి. నగరపాలక సంస్థకు మిగిలేవి పార్కులు, కూడళ్లలోని బొమ్మలు. కాబట్టి మీ అమ్మాయి చెప్పిన కుర్చీ ఇక్కడ లేదు.

కుర్చీ లేకపోయినా పని ఉంది. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు జనం కిక్కిరిసి, బుల్లి బొమ్మ బయటకు వచ్చి గంట మోగించగానే చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. వారిలో ఎందరు ఖురాన్ రాతప్రతుల గది వరకు వెళ్తున్నారో, మిగిలినవారు ఎక్కడ వెనుదిరుగుతున్నారో ఒక నెలపాటు గమనించి రాసిపెట్టమని మీ అమ్మాయికి చెప్పండి. రేపు ఏ శాఖ ఇంటర్వ్యూలోనైనా పట్టా తరువాత ఆ కాగితమే అక్కరకు వస్తుంది.

ప్రశ్న: మన నగరంలో పూర్వం మ్యూజియమూ అధికారమూ రెండూ చూసినవారు ఎవరైనా ఉన్నారా?
— ఒక పాఠకుడు, నాంపల్లి

సమాధానం: గులాం యజ్దానీ ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి ఆయనకు అప్పగించింది. పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం 1930లో ఆయన హయాంలోనే తెరుచుకుంది. అప్పుడు అజంతా నిజాం రాజ్యంలోనిది కావడంతో, ఆ చిత్రాలను కాపాడటానికి 1920లో ఇటలీ నిపుణులను పిలిపించారు. వారు పూసిన వార్నిష్ తరువాత పసుపుబారి రంగులను మసకబరిచింది, దానిని తొలగించే పని తరువాతి తరాల రసాయన నిపుణుల మీద పడింది. యజ్దానీ అజంతాపై రాసిన గ్రంథం నాలుగవ సంపుటం 1955లో, ఆయన పదవీ విరమణ చేసిన చాలా ఏళ్లకు వెలువడింది.