బ్యాగ్ నిండుతుందని తిండి మానకు

చిరంజీవి నానికి పెద్దమ్మ ఆశీస్సులు.

మధ్యాహ్నం రెండు ముద్దలు తిని లేచిపోతున్నావనీ, రాత్రి అసలు తినడం లేదనీ మీ అమ్మ ఫోన్‌లో బాధపడింది. బ్యాగ్ నిండకూడదనే కదా ఇదంతా? నీకు జరిగిన ఆపరేషన్ ఇలియోస్టమీ, అంటే చిన్నపేగును పొట్ట మీది రంధ్రంలోంచి బయటికి తెచ్చి, మలం బ్యాగ్‌లో పడేలా చేయడం. నేనూ దానితోనే ఇన్నేళ్లుగా బతుకుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను నాన్నా, అలా మాడడం వల్ల లాభం లేదు. మనం తినకపోయినా పేగులో రసాలు ఊరుతూనే ఉంటాయి. కడుపు ఖాళీగా ఉంటే వచ్చేది మరీ పల్చగా ఉంటుంది, గ్యాస్ కూడా పెరుగుతుంది. ఆ పల్చటి రసమే చర్మాన్ని మండిస్తుంది. పైగా ఆపరేషన్ గాయం మానాలంటే ఒంటికి తిండి పడాలి. రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా తిను. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించు, నిద్రలో లేవాల్సిన పని తగ్గుతుంది. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యం ఉప్పూ నీళ్లూ. వాటిని ఒంట్లోకి తిరిగి తీసుకోవడం పెద్దపేగు పని. ఇప్పుడు ఆ పని జరగడం లేదు కాబట్టి రెండూ బయటికి పోతున్నాయి. మొదట్లో రోజుకు లీటరు పైన కూడా రావచ్చు. కుదుటపడ్డాక చాలామందికి 500 నుంచి 800 మిల్లీలీటర్ల దగ్గర నిలుస్తుంది. చూడడానికి వచ్చినవాళ్లంతా నీళ్లు బాగా తాగమనే చెబుతారు. కానీ ఎక్కువగా పోతున్న రోజున ఉత్త నీళ్లే గ్లాసులకు గ్లాసులు తాగితే, పేగులోంచి ఇంకాస్త ఉప్పు ఆ నీళ్లలోకి చేరి మరింత పోతుంది. ఉప్పూ చక్కెరా సరిపాళ్లలో కలిస్తేనే పేగు నీటిని పీల్చుకుంటుంది. అందుకే ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకో. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడినే కొను, ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలుపు. పళ్ల రుచులతో డబ్బాల్లో అమ్మే తీపి డ్రింకులు వద్దు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడకూడదని 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వెయ్యి. చెంచా గుట్టగా కాదు, అంచుకు సమంగా కొలవాలి. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే. ఎండాకాలం చెమట కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. నోరు ఎండిపోవడం, పిక్కలు పట్టేయడం, లేస్తే కళ్లు తిరగడం, మూత్రం ముదురు రంగులో కొంచెమే రావడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు ఎంతో డాక్టర్‌నే అడగాలి. నీకు అవేవీ లేవు కదా, ఉప్పు తగ్గించకు.

ఇక తిండి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పేగు వాచి ఉంటుంది, దారి ఇరుకు. అప్పటిదాకా మెత్తటి అన్నం, ఇడ్లీ, పెసరపప్పు కట్టు, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, పెరుగు, చెక్కు తీసిన సొరకాయ, బీరకాయ తిను. మరీ పల్చగా పోతుంటే అన్నం, అరటిపండు, బంగాళదుంప, సగ్గుబియ్యం జావ గట్టిపరుస్తాయి. పేగులో అడ్డుపడేవి పీచు, తొక్క, గింజ ఉన్నవి: మొక్కజొన్న, పచ్చి కొబ్బరి, పల్లీలు, పుట్టగొడుగులు, గోరుచిక్కుడు, పనస తొనలు, జామ గింజలు, బత్తాయి తొనల మీది పొర. తేగల జోలికి అసలు వెళ్లకు. ములక్కాడ ముక్క వద్దు, ఆ చారు తాగు. మామిడిపండు మానాల్సిన పని లేదు, రసాల్లో పీచు ఎక్కువ కాబట్టి బంగినపల్లి ఎంచుకో. ఆవకాయ నీకు ప్రాణమని తెలుసు. ఇప్పుడే వద్దు. కారం అలాగే బయటికి వచ్చి చర్మాన్ని కాలుస్తుంది.

ఆ వారాలు గడిచాక ఒక్కొక్కటే కలుపుకుంటూ రా. ఒకసారికి ఒకటే కొత్త పదార్థం, అదీ కొంచెం, అదీ పగటిపూట. ఏం తిన్నావో, ఎలా వచ్చిందో ఒక నోటుబుక్‌లో రాసుకో. నాకు పడనిది నీకు హాయిగా పడవచ్చు, అందుకే నా జాబితాను శాసనంలా చూడకు. ప్రతి ముద్దనూ మెత్తటి పిండిలా అయ్యేదాకా నములు, మధ్యలో ఫోన్ చూడకు. బీట్‌రూట్ తిన్న రోజు ఎర్రగా వస్తే రక్తమని కంగారు పడకు.

నెమ్మదిగా కరిగే మాత్రలు కొన్ని కరగకుండానే బ్యాగ్‌లో పడతాయి. అలా కనిపిస్తే డాక్టర్‌కు చెప్పి మార్పించుకో. విరేచనం అవడానికి వాడే మందు ఎవరిచ్చినా వేసుకోవద్దు.

నాలుగైదు గంటలు ఏమీ రాకుండా పొట్టలో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతి వస్తే తిండి ఆపి ఆసుపత్రికి వెళ్లు, తెల్లారనీ అనుకోకు. ఒక్కోసారి పూర్తిగా ఆగదు, నొప్పితో పాటు ఉత్త నీళ్లే చిమ్ముతాయి. అదీ అడ్డుపడటమే. నీకు ఇలియోస్టమీ ఉందని అక్కడ అడుగుపెట్టగానే చెప్పు.

వచ్చే నెల పెళ్లికి రాననకు. నీ కోసం ముద్దపప్పు, మెత్తటి అన్నం, గడ్డ పెరుగు విడిగా తీసి ఉంచమని వంటవాళ్లకు నేనే చెబుతాను. పులిహోరలో పల్లీలు ఏరేసి తిను.

మీ పెద్దమ్మ